పక్కింటావిడ చెప్పే పేరు

మా అమ్మ తాడేపల్లిగూడెంలో మిషన్ స్కూలు టీచరు. ఒక ఏడాది ఆవిడ క్లాసులో మా నాన్న పేరే ఉన్న కుర్రాడు చేరాడు. ఆ ఏడాదంతా అమ్మ వాణ్ణి ఇంటిపేరుతోనే పిలిచింది. హాజరు వేసేటప్పుడు వాడి వంతు రాగానే తలెత్తి వాడి వైపు చూసేది, వాడు లేచి "ప్రెజెంట్ టీచర్" అనేవాడు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఎవరి కోసం ప్రార్థన చేయాలో చెప్పమంటే "మా ఇంట్లోవారికి ఒంట్లో బాగోలేదండి" అనేది తప్ప పేరు ఎత్తేది కాదు. ఇంగ్లీషు గ్రామరు అంత బాగా చెప్పే మనిషి, మొగుడి పేరు దగ్గరికొచ్చేసరికి నోరు కుట్టేసుకునేది. "ఇది బైబిల్లో ఎక్కడుందమ్మా?" అని హైస్కూలు రోజుల్లో ఒకసారి నిలదీశాను. "బైబిల్లో లేనివి చాలా చేస్తాం. వెళ్ళి పొయ్యి మీద కూర చూడు" అంది.

ఆ కోపంతోనే కాబోలు, చదువయ్యాక ఏలూరులో ఒక చిన్న మహిళా సంస్థలో పనికి చేరి, ఊళ్ళలో ఆడవాళ్ళకు శిక్షణలు మొదలుపెట్టినప్పుడు మొదటి ఆట అదే పెట్టేదాన్ని. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ లేపి, మొగుడి పేరు గట్టిగా చెప్పమనేదాన్ని. మొదట ఎవరూ లేచేవారు కాదు. ఎవరో ఒక తెగువగల పిల్ల చెప్పేసి కొంగుతో మొహం కప్పుకునేది. హాలంతా గొల్లుమనేది. ఇంకాసేపటికి అందరూ బస్సులో సీటు కోసం అరిచినట్టు మొగుళ్ళ పేర్లు అరిచేవాళ్ళు. మొగుడి పేరు భార్య నోట వస్తే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మన వైపు నమ్మకం. "భోజనాల వేళ అయింది, ఏ మొగుడికైనా ఏమైనా అయినట్టు కబురొచ్చిందా?" అని అడిగేదాన్ని. మళ్ళీ నవ్వులు. అది మంచి ఆట. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

ఆ ఆట ఆడనని మొండికేసినావిడ మాత్రం ఒక్కరే. కొల్లేటి లంకలో ఉండేది. పరిగెలు, జెల్లలు లాంటి చిన్న చేపలు ఎండబెట్టి బుట్టల్లో ఏలూరు తెచ్చి అమ్మేది. నేను ఆవిణ్ణి పిన్నీ అనేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయిగారూ అనేది. నెమ్మదస్తురాలేం కాదు. చేపల బుట్టకి టిక్కెట్టు కొట్టాలన్న కండక్టరుతో బస్సు ఏలూరు చేరేదాకా వాదించి, దిగేటప్పుడు ఆ కండక్టరుకే పావుకిలో చేపలు అమ్మిన మనిషి. అలాంటావిడ నా ఆటలో మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది.

విచిత్రమేమిటంటే ఆ మొగుడు ఆవిణ్ణి వదిలేసి ఏళ్ళయింది. సరస్సుకు అవతలి ఒడ్డున ఇంకో ఊళ్ళో ఇంకొకావిడతో ఉంటున్నాడు. ఇద్దరు కూతుళ్ళనీ పెంచిందీ, పెళ్ళిళ్ళు చేసిందీ పిన్నే.

"ఆయన పేరు చెప్పడానికి మీకేమిటండీ అడ్డం?" అని ఒంటికాలి మీద లేచాను.

"చెప్పనండి."

"అదే, ఎందుకు చెప్పరు?"

"ఆయన తప్పు ఆయన చేశాడండి. నా వైపు నుంచి నేనేదీ తప్పలేదు. ఈ ఒక్కటీ కూడా తప్పనండి. ఎక్కడున్నా చల్లగా ఉండమనండి. పేరే కావాలంటే ఇదిగో, ఈవిడ చెప్తాది."

పక్కన కూర్చున్న పొరుగింటావిడని మోచేత్తో పొడిచింది. ఆవిడ ఆ పేరు టక్కున చెప్పేసింది. వాళ్ళ లంకలో అదొక పద్ధతి. రేషను షాపులో అయినా, ఆసుపత్రిలో చీటీ రాయించుకునేటప్పుడయినా, ఒకరి మొగుడి పేరు పక్కింటావిడ చెప్తుంది. ఆవిడ మొగుడి పేరు ఈవిడ చెప్తుంది. అందుకని పనుల మీద ఇద్దరిద్దరు కలిసే వెళ్తారు. నాకు ఒళ్ళు మండింది. వెళ్ళిపోయిన వాడికి కూడా ఈ మర్యాదేమిటని ఇంటికి వెళ్ళే ప్యాసింజరు రైల్లో గూడెం దాకా గొణుక్కుంటూనే ఉన్నాను.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన తరవాతి సంగతి ఇది. చెరువులు పోయాక కూలి పనులు పోయాయి. ఊళ్ళల్లో మగవాళ్ళు చాలామంది గట్ల మీద కూర్చుని పేకాడుతుండేవారు. ఎండు చేపల పని మాత్రం ఆడవాళ్ళ చేతుల్లోంచి పోలేదు. అప్పుడే దేశాలకు అప్పులిచ్చే పెద్ద బ్యాంకు ఒకటి లంకల కోసం ఓ పథకం తెచ్చింది. చేపలు ఎండబెట్టేవాళ్ళకు తలా కొంత చోటు మట్టి పోసి మెరక చేసి, సిమెంటు గచ్చు వేసి, పైన రేకులు కప్పి ఇస్తారట. పిన్ని అంతకుముందు నుంచీ గట్టు పక్కన ఒక మెరక మీదే చేపలు ఆరబెట్టుకునేది. ఆ మెరకనే బాగుచేసి ఇస్తారని తెలిసి పండగ చేసుకుంది.

సర్వేకి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పిన్ని చేపలు తిరగేస్తోంది, చేతుల నిండా పొలుసు. "ఇంటి యజమాని పేరేంటమ్మా?" అన్నాడొకడు. పిన్ని అలవాటుగా పక్కింటి వైపు చూసింది. పక్కింటావిడ ఆవేళ బుట్టతో ఏలూరు వెళ్ళింది. నేను నోరు తెరిచేలోపే ఆ కుర్రాడు, ఈవిడకి చెవుడు కాబోలనుకుని, ఇంకా గట్టిగా అడిగాడు. పిన్ని తల దించుకుంది. గట్టు మీదున్న ఆవిడ బావగారు, అంటే మొగుడి అన్నగారు, పేక ముక్కలు కింద పెట్టి వచ్చాడు. తమ్ముడి పేరు చెప్పాడు. చెప్పినవాడు వెళ్ళలేదు. మంచం వాల్చుకుని కూర్చుని మిగతా ప్రశ్నలన్నిటికీ ఆయనే జవాబులు చెప్పాడు.

"ఈ చేపలు ఎండబెట్టేదెవరండి?"

"మా తమ్ముడండి."

పిన్ని చేతిలో చేపలు అలాగే ఉన్నాయి. "అబద్ధమండీ, ఆయన ఈ ఊళ్ళోనే లేడు, చేసేది ఈవిడ" అని నేను గయ్యిమన్నాను. "మాకిచ్చిన పద్ధతి ఇదేనండి, యజమాని పేరు మీదే రాయాలి" అని ఆ అబ్బాయి చాలా మర్యాదగా చెప్పాడు. నిజానికి వాడి తప్పేమీ లేదు. మొదటి ప్రశ్నకి జవాబు రాకపోతే ఎవరో ఒక మగాణ్ణి పిలవడం, ఆ తరవాత ఆడమనిషిని మరి కదిలించకపోవడం వాళ్ళకి అన్ని ఊళ్ళల్లోనూ అలవాటైపోయింది.

నాలుగు రోజులు పోయాక పిన్ని మా ఆఫీసుకొచ్చింది. పవర్‌పేటలో ఒక మేడ మీద రెండు గదులు మాది. బుట్ట గుమ్మంలోనే దింపి, మెట్ల మీద కూలబడింది.

"జాబితాలో నా మెరక ఆయన పేర వచ్చిందంటండి. సరస్సు బయట ఇంకా చెరువులున్న కామందుకి మేత బస్తాలు పెట్టుకోడానికి అద్దెకిస్తానని కబురెట్టాడండి. చేపలు ఎండేయడానికి ఇంక నాకు చోటు ఉండదండి."

నాకు దుఃఖం రాలేదు, పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే పథకం ఆఫీసుకు వెళ్ళాను. "రూలు బ్యాంకుదమ్మా, మా చేతుల్లో ఏముంది?" అన్నారు. రూలు బ్యాంకుదైతే బ్యాంకునే అడుగుదామని అప్పటికప్పుడు నిశ్చయించుకున్నాను. ఏలూరులో రెండు గదుల సంస్థ, కరెంటు పోతే పోయే ఒక్క కంప్యూటరు, ప్రపంచ స్థాయి బ్యాంకు. ఇవేవీ నాకు అడ్డుగా తోచలేదు. మనిషి రాసిన రూలును మనిషి మార్చగలడు కదా అనిపించింది.

అదృష్టం బాగుంది. నాలుగైదు దేశాల మహిళా సంఘాలు కలిసి నడిపే ఒక కూటమిలో మేమూ సభ్యులం. ఉత్తరాలన్నీ ఈమెయిల్లోనే. వాళ్ళ ఇంగ్లీషులో సగం మాటలు నాకు ఎక్కేవి కావు, నిఘంటువులోనూ దొరికేవి కావు. పిన్ని సంగతి రాస్తే వెంటనే జవాబొచ్చింది. ఆ బ్యాంకు ఈ ప్రాంతపు దేశాలన్నిటికీ కలిపి తన రూళ్ళు తిరగరాస్తోందట. ఢాకాలో మహిళా సంఘాలతో సంప్రదింపుల సభ పెడుతోందట. మా సంస్థ నుంచి ఇద్దరు రావచ్చట. నేను నా పేరూ పిన్ని పేరూ రాసి పంపేశాను.

"ఆవిడకి ఇంగ్లీషు రాదు కదే" అన్నారు మా సంస్థ పెద్దావిడ.

"నాకొచ్చు కదండీ" అన్నాను.

పాస్‌పోర్టు ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబులు కూడా మొగుడి పేరు అడిగాడు. ఈసారి పక్కింటావిడ ఊళ్ళోనే ఉంది కాబట్టి గండం గడిచింది.

ఏలూరులో హౌరా వెళ్ళే రైలెక్కాం. పిన్ని ఒక గోనెసంచి నిండా ఎండు పరిగెలు తెచ్చింది. "చుట్టాలింటికి ఒట్టి చేతులతో ఎల్తామాండీ?" అంది. సామర్లకోట దాటేసరికి పెట్టెలో సగం మంది మమ్మల్ని తిట్టుకున్నారు, మిగతా సగం మంది ముక్కులు మూసుకున్నారు. కలకత్తా నుంచి బస్సు. సరిహద్దు దగ్గర దిగి, సామాను మోసుకుంటూ నడిచి అవతలికి వెళ్ళాలి. అంతర్జాతీయం అంటే విమానమే అనుకున్న నాకు, ఒక దేశంలోంచి ఇంకో దేశంలోకి చెప్పులేసుకుని నడిచి వెళ్ళడం భలే నచ్చింది. మన వైపు ఆఫీసరు సంచి విప్పించి, మొహం చిట్లించి, కట్టేయమన్నాడు. అవతలి వైపు ఆఫీసరు సంచి విప్పి గట్టిగా వాసన పీల్చాడు. మొహం విప్పారింది. ఆయన బెంగాలీలో ఏదో అన్నాడు, పిన్ని తెలుగులో ఏదో చెప్పి రెండు గుప్పిళ్ళ పరిగెలు కాగితంలో చుట్టి ఇవ్వబోయింది. ఆయన నవ్వి, వద్దని దండం పెట్టాడు. "ఈ ఊరు మన ఊరేనండి" అని పిన్ని తేల్చేసింది.

సభకు ముందు రోజు మా కూటమి వాళ్ళందరం ఒక హాస్టలు హాల్లో చేరాం. బ్యాంకు ముందు ఏం మాట్లాడాలో ముందుగా అనుకోవాలి కదా. బట్టల మిల్లుల ఆడవాళ్ళ సంగతి ఒకరిది, అడవి హక్కులు ఒకరివి. ఎవరి బాధ వాళ్ళకి ముఖ్యం, తప్పు పట్టను. నా ఒక్క కోరికా పిన్ని కోరికే. సర్వేలో ఇంటి యజమాని పేరుతో మొదలుపెట్టడం మానేయాలి. ప్రతి ఇంట్లో ఎదిగిన ప్రతి ఆడమనిషి పేరూ, ఆవిడ చేసే పనీ విడిగా రాయాలి. "ఇది చిన్న విషయం" అన్నారు ఢిల్లీ నుంచి వచ్చిన ప్రొఫెసరుగారు. మంచి మనిషే, మా కూటమికి పెద్ద దిక్కు కూడా ఆవిడే. "చిన్నదైతే తొందరగా ఒప్పుకుంటారు కదండీ" అన్నాను.

సరే, ఆవిడ కథ రాసుకుందాం అని ఒకమ్మాయి కలం తీసింది. పిన్నిని ఊరు అడిగింది, పని అడిగింది, నేను తెలుగు చేశాను. ఆ తరవాత మొగుడి పేరు అడిగింది. పిన్ని నోటి మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది. ఆ దేశంలో ఆవిడకి పక్కింటావిణ్ణి నేనే కదా. ఒళ్ళు మండుతూనే ఆ పేరు చెప్పాను.

అప్పుడు గోడవారన కూర్చున్న బంగ్లాదేశ్ ఆవిడ పకపకా నవ్వింది. ఆవిడది సిల్హెట్ వైపు, ఏడాదిలో సగం రోజులు నీళ్ళల్లోనే ఉండే ఊరు. పొద్దున్న పిన్ని ఇచ్చిన పరిగెలు మళ్ళీ మళ్ళీ వాసన చూసినావిడ ఆవిడే. లేచి వచ్చి పిన్ని ఎదురుగా నిలబడి, తన నోటి మీద తనూ చెయ్యి పెట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. తరవాత పక్కనున్న తమ ఊరి ఆవిణ్ణి వేలితో చూపించింది. ఆ ఊరావిడ టక్కున ఒక పేరు చెప్పింది. పిన్ని కళ్ళు పెద్దవి చేసి నా భుజం పట్టుకుంది. "వీళ్ళూ అంతేనండీ!" అంది. నేపాల్ కొండల నుంచి వచ్చినావిడ కూడా సిగ్గుపడుతూ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మా మాటలు నాలుగు భాషలు దాటి అవతలికి చేరేసరికి చప్పబడిపోయేవి. దీనికి మాత్రం దుబాసీ అవసరమే లేకపోయింది.

నాకు ఆ నిమిషంలోనే అంతా అర్థమైంది. మా లంకలో బావగారు మంచం వాల్చుకుని కూర్చున్నట్టే సిల్హెట్‌లోనూ ఎవరో కూర్చుంటారు, నేపాల్‌లోనూ కూర్చుంటారు. ఆడమనిషి నోట రాని ప్రశ్నని మొదటి ప్రశ్నగా పెడితే, రెండో ప్రశ్న ఆవిడ దాకా రాదు. ఒక లంకలో ఒకావిడకి జరిగిన అన్యాయం అనుకున్నాను, ఇది దేశదేశాల్లో రోజూ జరుగుతున్న పని. వివరించి చెప్పక్కర్లేదు, చూపిస్తే చాలు. "రేపు మనం ఉపన్యాసం ఇవ్వొద్దు. వాళ్ళ సర్వే ప్రశ్న వాళ్ళనే అడగమందాం. మన ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు" అన్నాను.

ప్రొఫెసరుగారు ఒప్పుకోలేదు. "ఇన్నేళ్ళు పోరాడి ఇంత దూరం వచ్చాం. ఇప్పుడు మొగుడి పేరు చెప్పలేని ఆడవాళ్ళని తీసుకెళ్ళి వాళ్ళ ముందు నిలబెడతావా? వెనకబడినవాళ్ళని జాలిపడతారు. ఈ ఆచారం పోవాలని నువ్వే కదా శిక్షణలు ఇస్తావు?"

"ఇస్తానండి. తిరిగి వెళ్ళాక మళ్ళీ ఇస్తాను. ఆచారం పోయేదాకా ఈవిడ మెరక ఆగదు కదా" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది. జాలిపడితే పడనివ్వండి, రూలు మారిస్తే చాలు అని కూడా అన్నాను.

ఏమిటా గొడవ అని పిన్ని అడిగింది. చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నామోషీ దేనికండీ? చెప్పకపోవడం నా ఇష్టం. నన్ను దాటుకుని ఇంకొకణ్ణి అడగడం వాళ్ళ తప్పు. రేపు నేను కూర్చుంటానని చెప్పండి ఆవిడకి."

సిల్హెట్ ఆవిడ అప్పటికే పిన్ని పక్కన చాప మీద సర్దుకుని కూర్చుంది. చేతులెత్తించి చూస్తే మా వైపే ఎక్కువ చేతులు లేచాయి. ప్రొఫెసరుగారు చెయ్యి ఎత్తలేదు గానీ, మర్నాడు మైకు నాకు అందేలా చూసింది ఆవిడే. అందుకు ఇప్పటికీ ఆవిడంటే గౌరవం.

సభ పెద్ద హోటల్లో. ఏసీ చలికి పిన్ని పమిట చెవుల దాకా లాక్కుంది. బ్యాంకు తరఫున వచ్చిన పెద్దమనిషి తెల్ల తల, నిమ్మళమైన మాట. మా వంతు వచ్చింది. "మీ సర్వే మొదటి ప్రశ్న మీరే మా వాళ్ళని అడగండి" అన్నాను. ఆయన సరదాగానే ఒప్పుకుని ముందుకొచ్చాడు. "మీ ఇంటి యజమాని పేరేమిటి?" అని ముందు వరసలో ఉన్న పిన్నిని అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

పిన్ని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పెట్టుకుని ఆయన కళ్ళల్లోకే చూసింది. లంకలో దించినట్టు తల దించలేదు.

ఆయన ఆగి పక్కావిణ్ణి అడిగాడు. సిల్హెట్ ఆవిడా చెయ్యి పెట్టుకుంది. ఆ పక్కన నేపాల్ ఆవిడ. వాళ్ళ వెనక వరసలో శ్రీలంక ఆవిడ పాపం అలాంటి పట్టింపే లేని మనిషి, తనూ సరదాకి చెయ్యి పెట్టుకుంది. ఒక్కొక్కరి దగ్గరా ఆయన ఆగుతూ వెళ్ళాడు. హాల్లో మొదట నవ్వులు వినిపించాయి, తరవాత తగ్గిపోయాయి. ఆయన నా వైపు తిరిగి, "మరి మా సర్వేలో జవాబులు ఉన్నాయే, అవెవరు ఇచ్చారు?" అన్నాడు.

"అదేనండీ మేమడిగేది" అన్నాను.

పిన్ని మైకు తీసుకుంది. నేను తీసుకోమనలేదు, ఆవిడే తీసుకుంది.

"అయ్యా, మీరు అడగ్గానే మా బావగారొచ్చి చెప్పాడండి. చెప్పి ఇంక లేవలేదండి. నేను ఎండేసే చేపలు కూడా ఆయన తమ్ముడే ఎండేస్తున్నాడని చెప్పాడండి. ఆ తమ్ముడు మా ఊళ్ళో ఉండడండి. నా పేరు అడగండి, చెప్తాను. నా పని అడగండి, పొద్దు గూకేదాకా చెప్తాను. నా నోట రాని మాటతో మొదలెట్టి, ఆడదానికేమీ తెలీదని ఎల్లిపోతే ఎలాగండీ?"

తెలుగులోంచి ఇంగ్లీషులోకి నేను అంత గర్వంగా మరెప్పుడూ తర్జుమా చేయలేదు. సిల్హెట్ ఆవిడ చప్పట్లు మొదలుపెట్టింది.

మేం అడిగినవన్నీ రాలేదు. బ్యాంకులు అంత తేలిగ్గా లొంగవు. చాలా కోరికలకి, పరిశీలిస్తాం అన్న పాత పాటే పాడారు. ఎన్నో ఈమెయిళ్ళు నడిచాయి. ఢాకా వాళ్ళు మాకు రాస్తే మేం నేపాల్ వాళ్ళకి రాయడం, అందరం కలిసి బ్యాంకుకి రాయడం. విసుగొచ్చిన రోజులున్నాయి గానీ, ఓడిపోతామనిపించిన రోజు మాత్రం లేదు. కొత్త రూళ్ళు వచ్చినప్పుడు అందులో మా ముక్క ఉంది. ముందుగా ఎదుటి మనిషి పేరు అడగాలి, ఎదిగిన ప్రతి ఆడమనిషినీ ఆవిడ పనితో సహా విడిగా రాసుకోవాలి, ఆవిడ బదులు ఇంకొకరు జవాబు చెప్పకూడదు. ప్రొఫెసరుగారు నాకు ఫోన్ చేసి, "నీ చిన్న విషయమే గెలిచిందే" అన్నారు. ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్తే, "నోరు మూసుకుని కూడా గెలవొచ్చన్నమాట" అంది. ఆవిడ అది నన్ను ఉద్దేశించే అందని నా అనుమానం.

పాత జాబితా పక్కన పెట్టి, కొత్త రూళ్ళతో లంకలో మళ్ళీ సర్వే జరిగిన రోజు నేను పనిగట్టుకుని వెళ్ళాను. ఈసారి వచ్చింది వట్లూరులో కాలేజీ ముగించిన అమ్మాయి. బావగారు గట్టు మీంచి లేచి వచ్చి మంచం వాల్చబోయాడు. "మీరు కాసేపు అటుండండి బాబాయిగారూ, ఈవిడతో మాట్లాడాలి" అంది ఆ అమ్మాయి. ఆయన మంచం సగం వాల్చి అలాగే నిలబడిపోయాడు.

"మీ పేరేంటండి?"

పిన్ని చెప్పింది.

"ఏం పని చేస్తారండి?"

పిన్ని అన్నంత పనీ చేసింది. ఉప్పు పట్టించడం నుంచి ఏలూరు బస్సు దాకా అన్నీ చెప్పింది. రాయలేక ఆ పిల్ల తల ప్రాణం తోకకొచ్చింది. ఈ మెరక మీద ఎవరు ఎండేస్తారని అడిగితే, "నేను. నేనొక్కదాన్నే" అంది. ఆ పిల్ల అదే రాసి, మెరక ఆవిడ పేరునే నమోదవుతుందని చెప్పింది. పిన్ని మరోసారి అడిగి ఖాయం చేసుకుంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

చిట్టచివర్న ఆ అమ్మాయి మామూలుగా, "మీవారి పేరండి?" అంది.

పక్కింటావిడ ఎప్పటిలాగే నోరు తెరిచింది. పిన్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తలెత్తి, గట్టు మీది వాళ్ళందరికీ వినపడేలా, ఆ పేరు ఇంటిపేరుతో సహా తనే చెప్పింది. అన్నేళ్ళు నేను బతిమాలినా, వాదించినా, వెక్కిరించినా ఆ నోట రాని పేరు అది.

పక్కింటావిడ గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో, అదేంటే! ఆయుష్షు తగ్గిపోద్దే ఆయనకి!"

"తగ్గితే ఆయన చూసుకుంటాడు. ఇప్పటిదాకా నేను కాసింది చాల్లే" అంది పిన్ని. చేపల మీద కాకులు వాలుతున్నాయని, కర్ర తీసుకుని తన మెరక ఎక్కింది.